ఒకటికి ఆరా, ఆరింట ఒకటా?

సంపాదకులకు నమస్కారం.

నలభై ఏళ్లు తాపీ పని చేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టున ఉంటున్న మేస్త్రిని. చదివింది ఏడో తరగతి. మా మనవరాలు ఇప్పుడు ఆరో తరగతి. రాత్రిపూట దాని లెక్కల నోటుబుక్కు తిరగేయడం నాకు అలవాటు. మొన్న ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. తరగతిలో బాలురు, బాలికల నిష్పత్తి 3:2, మొత్తం 40 మంది, బాలికలు ఎందరు? పిల్ల 40ని 2/3తో గుణించింది. ఇరవై ఆరు మంది వచ్చారు, ఇంకో అమ్మాయి మూడింట రెండు వంతులు వచ్చింది. అది బాగోలేదనుకుందేమో, కొట్టేసి 27 అని రాసుకుంది. స్కూల్లో ఇంటూ కొట్టి పక్కన 16 అని వేశారు. 16 ఎలా వచ్చిందో మాత్రం దానికి తెలియలేదు.

గుణకారం రాక కాదు. 3:2 కనబడగానే చెయ్యి 2/3 రాసేసింది. బాలుర లెక్కతో పోలిస్తే బాలికలు మూడింట రెండు వంతులే, నిజమే. అడిగింది మొత్తం తరగతిలో. అక్కడ వాళ్లు ఐదింట రెండు వంతులు.

పిల్లని ఏమంటాను? కుర్రతనంలో నేనూ అదే చేశాను. గోడ కట్టుబడికి మాలు కలపమంటూ మా పెద్దమేస్త్రి "ఒకటికి ఆరు" అన్నాడు, అంటే ఒక తట్ట సిమెంటుకి ఆరు తట్టల ఇసుక. నా బుర్రకి అది "ఆరింట ఒకటి"గా ఎక్కింది. ఐదు తట్టల ఇసుకకి ఒక తట్ట సిమెంటు వేసుకుంటూ పోయాను. 42 తట్టల సరుకులో 6 తట్టల సిమెంటు ఉండాల్సింది 7 పడింది. సాయంత్రం బస్తాలు లెక్కపెట్టుకుని ఇంటాయన నన్ను దొంగను చూసినట్టు చూశాడు. గోడ మాత్రం గట్టిగా నిలబడింది, కోత నా కూలీలో పడింది.

మన భాషలో ఈ తేడా చెప్పడానికి ఒక్క అక్షరం చాలు. ఒకటి"కి" ఆరు అంటే రెండు కుప్పలు పక్కపక్కన పెట్టినట్టు. ఏడింటి"లో" ఒకటి అంటే రెండూ కలిపేశాక చూసినట్టు. పిల్లలతో నిష్పత్తి లెక్క చేయించేటప్పుడు పెన్సిలు కదలకముందే "మొత్తం ఎన్ని పాళ్లు?" అని నోటితో చెప్పించాలి. ఒకే నిష్పత్తి ఇచ్చి రెండు ప్రశ్నలూ అడగాలి: ఇసుకకి సిమెంటు ఎంత, మాలులో సిమెంటు ఎంత? నేను చూసిన నోటుబుక్కులో ఇరవై లెక్కలుంటే రెండోరకం ఈ ఒక్కటే ఉంది. మూడు పాళ్లవి కూడా కావాలి. స్లాబుకి మేం కలిపే 1:1½:3 ఇవ్వండి. సిమెంటు, ఇసుక, కంకర మొత్తం ఐదున్నర పాళ్లు, అందులో సిమెంటు పదకొండింట రెండు. అర పాలు వస్తే పిల్లలు కాస్త తడబడతారు, తడబడనివ్వండి. (ఐదున్నర తట్టలు పోసి కలిపితే ఐదున్నర తట్టల కాంక్రీటు రాదు, ఇసుక వెళ్లి కంకర సందుల్లో కూర్చుంటుంది. అది పెద్దయ్యాక నేర్చుకుంటారు. మనం చెప్పేది పోసిన సరుకు లెక్క.)

పెద్దవాళ్లకీ ఇది వచ్చని చెప్పలేం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వెయ్యి మంది మగవాళ్లకి 943 మంది ఆడవాళ్లు. దాన్ని ఒక పేపర్లో (మీది కాదులెండి) "వెయ్యి మందిలో 943 మంది స్త్రీలు" అని వేశారు. అలాగైతే దేశంలో మగవాళ్లు వెయ్యికి 57 మందే మిగలాలి! 943ని 1,943తో భాగించమని మనవరాలికి ఇచ్చాను. నూటికి నలభై ఎనిమిదిన్నర చిల్లర వచ్చింది.

ఇప్పుడు వాళ్ల నాయనమ్మ ఇడ్లీకి ఒకటికి రెండు నానబోస్తుంటే పక్కన చేరి "కి నా, లో నా నాయనమ్మా?" అని అడుగుతోంది. ఆవిడ నన్ను తిడుతోంది.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి, తెనాలి