మానమని కాదు, సగం చేయమని అడగండి

సంపాదకులకు,

మాంసం మానమని ప్రచారం చేసేవాళ్లకు ఒక మాట. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే. నల్లగొండలో నిలబడి ‘నీసు మానండి’ అంటే ఎవరు వింటారు? సగం చేయమంటే కనీసం ఆలోచిస్తారు. అందుకు మటన్, పప్పు, ఆనిగెపుకాయ (సొరకాయ) కలిపి వండే దాల్చా ఉండనే ఉంది.

కిలో మటన్ వండే ఇంట్లో అర కిలో బొక్క ముక్కలు, పావు కిలో శనగపప్పు, అర కిలో ఆనిగెపుకాయ సరిపోతాయి. పప్పు గంట నానబెట్టి విడిగా ఉడికించాలి. చింతపులుసు ముందే పోస్తే పులుపుకు పప్పు బిరుసెక్కుతుంది, ఎంత ఉడికినా పలుకు పోదు. తప్పేమో పాత పప్పు మీదికి నెడతాం. మటన్ మెత్తబడ్డాక పప్పు, ఆనిగెపుకాయ వేసి, కాయ ఉడికాకే పులుసు పోయాలి. కాయను కుక్కర్‌లో మటన్‌తోనే పెడితే గుజ్జైపోతుంది. బొక్కల రసం పప్పుకు పడుతుంది కాబట్టి రుచికి లోటుండదు. బలం తగ్గుతుందన్న బెంగా వద్దు: 100 గ్రాముల పచ్చి శనగపప్పులో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు.

మటన్ బదులు మీల్ మేకర్ వేసి మభ్యపెట్టొద్దు, మొదటి ముద్దలోనే దొరికిపోతారు. దసరా, బోనాల జోలికీ పోవద్దు. ముందు ఆదివారాలు చూసుకోండి.

– ఒక పాఠకుడు, మిర్యాలగూడ