పదో భాగాన్ని తిట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి

సంపాదకులు గారికి,

ఏళ్ల తరబడి సాగే ఫాంటసీ నవలల్లో కొత్త భాగం రాగానే పాఠకులు రచయిత మీద విరుచుకుపడటం చూస్తే నాకు రాబర్ట్ జోర్డాన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ గుర్తొస్తుంది. 1990లో మొదలైన ఆ సిరీస్‌లో తొమ్మిదో భాగం పెద్ద ఘట్టంతో ముగిసింది. తర్వాత ఏమైందా అని రెండేళ్లకు పైగా టెన్షన్‌గా ఎదురుచూస్తే, 2003లో వచ్చిన పదో భాగంలో ఆయన తాపీగా అవే రోజుల్లో మిగతా పాత్రలు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నాయో చెప్పుకొచ్చారు. కథ అడుగు ముందుకు పడితే ఒట్టు! గౌన్ల వర్ణనలు, టీ కబుర్లు మాత్రం పుష్కలం. పాఠకులు ఏకిపారేశారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొన్న నేనూ తక్కువేం తిట్టలేదు.

2005లో పదకొండో భాగంతో కథ మళ్లీ పరుగందుకుంది. 2007లో ఆయన జబ్బుతో పోయారు. ఇక ఒక్క పుస్తకమే మిగిలిందని చెప్పిన మనిషి! ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హారియెట్ దాన్ని పూర్తిచేసే పనిని బ్రాండన్ శాండర్సన్ అనే మరో ఫాంటసీ రచయితకు అప్పగించారు. జోర్డాన్ వదిలివెళ్లిన నోట్స్ పట్టుకుని ఆయన రాస్తే ఆ ఒక్కటీ మూడైంది, 2013కి గానీ తెమల్లేదు.

ఈమధ్య పద్నాలుగు భాగాలూ వరసపెట్టి చదివాను. తర్వాతి పుస్తకం చేతికందేలా ఉండటం వల్లనేమో, పదోది అంత విసుగనిపించలేదు. గౌన్ల దగ్గర మాత్రం ఇప్పటికీ పేజీలు తిప్పేశాను.

- ఒక పాఠకుడు, హైదరాబాద్