బాలింత ఉన్న చోటికే భోజనం పంపండి: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మంత్రివర్యులకు నమస్కారములు.

అంగన్‌వాడీ కేంద్రాల్లో గర్భిణులకు, బాలింతలకు పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనం విషయమై మేము మండలంలోను, జిల్లాలోను ఇచ్చిన వినతిపత్రాలను తీసుకున్నవారే గాని జవాబు చెప్పినవారు లేనందున నేరుగా మీకే రాస్తున్నాను. పథకం మీకు తెలియనిది కాదు. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉన్న ఆ భోజనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అది ఎవరికి అన్నిటికంటే ఎక్కువ అవసరమో, ఆ పచ్చి బాలింతకు ఆ రోజుల్లోనే అందకుండా పోతున్నదన్నదే నా బాధ.

తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వస్తుంది. పేరు మాత్రం అత్తగారి ఊరి అంగన్‌వాడీ కేంద్రంలోనే ఉంటుంది. మా అమ్మాయి వచ్చినప్పుడు ఇక్కడి కేంద్రంలో పేరు లేదన్నారు, అక్కడ అడిగితే మనిషి లేదన్నారు. అంగన్‌వాడీల పేర్లు, లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు మార్చే వీలున్నా, వాళ్లు పంపాలి, వీళ్లు తీసుకోవాలి అనే మాటల్లోనే వారాలు గడిచిపోయి, పేరు మారేసరికి కాన్పు కూడా అయిపోయింది. అప్పుడు ఇంకొక అడ్డు వచ్చింది. భోజనం కేంద్రానికి వచ్చి తినాలట! ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి 100 కాన్పుల్లో 60కి పైగా ఆపరేషన్ కాన్పులే. కుట్లు మానని మనిషి చంటిబిడ్డను ఎత్తుకొని ఎండలో నడిచి రాగలదా? పురుడు తీరకుండా బాలింతను గడప దాటనిచ్చే ఇల్లు మా పల్లెల్లో ఎక్కడ ఉంది? నేను గిన్నె పట్టుకొని వెళితే, ఇంటికి ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదని అంగన్‌వాడీ టీచరమ్మ బాధపడుతూనే చెప్పింది. ఆమెను నేను తప్పు పట్టను, రేపు లెక్క అడిగేది ఆమెనే కదా.

అంగన్‌వాడీ భోజనం రాకపోతే ఇంట్లో బాలింత ఏమి తింటున్నదో ఒక్కసారి ఆలోచించండి. వెల్లుల్లి కారం, మిరియాల చారు, ఇంత నెయ్యి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని పెద్దవాళ్లు కట్టడి చేస్తారు. వెల్లుల్లితో, మెంతులతో, కాయంతో నాకు పేచీ లేదు. కానీ పప్పు, గుడ్డు, ఆకుకూర మానిపించిన పథ్యం బాలింతను నిలబెట్టదు. నేను గుడ్డు ఉడకబెడితే మా అత్తమ్మ పళ్లెం పక్కకు తీయించింది. అదే గుడ్డును సర్కారు భోజనమని టీచరమ్మ ఇంటికి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపిస్తే మా అత్తమ్మ కాదనేది కాదు.

తిండి తగ్గినంత మాత్రాన పాలు వెంటనే ఆగిపోవు. బిడ్డ చీకినకొద్దీ పాలు వస్తూనే ఉంటాయి, తక్కువైనదంతా తల్లి ఒంట్లోంచి పోతుంది. అందుకే బిడ్డ బరువు చూసి అంతా బాగున్నదని అందరూ అనుకుంటారు, తల్లి కళ్లు తిరిగి పడితే గాని ఆమె సంగతి పట్టదు. పాలలోని ఇనుము తల్లి తిండిని బట్టి పెద్దగా మారదు, రక్తహీనత మాత్రం ఆమెకు మిగులుతుంది. ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. బి12 సంగతి వేరు. తల్లికి అది తక్కువైతే పాలలోనూ తగ్గి బిడ్డకు లోటు చేస్తుంది. మొక్కల తిండిలో దాదాపు దొరకని ఆ విటమిన్ మీరు పెట్టే గుడ్డులోను, పాలలోను ఉన్నది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకేలరీలు, తరువాతి ఆరు నెలలు 520 కిలోకేలరీలు అదనంగా కావాలని చెబుతున్నది. పథకం ఆరో నెలతో ఆగిపోతుంది. ఆ ఆరు నెలలైనా నిండుగా అందితే సంతోషించేవాళ్లం, కానీ అందులో మొదటి వారాలన్నీ పేరు మార్పుకు, పురిటికి పోతున్నాయి. కాన్పు తరువాత ఆరు నెలల భోజనం 2013 నాటి ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. పోయిన వారాలను తిరిగి ఇవ్వమని ఆ తల్లి ఎవరిని అడగాలి?

అమ్మా, కాన్పు అయిన నాటి నుంచి కనీసం ఆరు వారాలు బాలింత భోజనాన్ని క్యారియర్‌లో ఇంటికి పంపించండి. వండిన అన్నం పంపడం కష్టమైతే గుడ్లు, పాలు అయినా ఇంటివారి చేతికి ఇవ్వమనండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు చూపిస్తే, పేరు ఎక్కడ ఉన్నా, మనిషి ఉన్న ఊళ్లోనే పెట్టమని చెప్పండి. అందకుండా పోయిన రోజులకు సరిపడా గడువు పొడిగించండి. ఇంటికి వచ్చినప్పుడు పథ్యం గురించి పెద్దవాళ్లతో నెమ్మదిగా మాట్లాడేందుకు టీచర్లకు, ఆశా కార్యకర్తలకు సమయం ఇవ్వండి, వాళ్ల మీద ఉన్న రిజిస్టర్ల భారం కొంత తగ్గించండి.

మా మనవరాలికి ఐదో నెల వచ్చింది. మా అమ్మాయికి మిగిలిన గడువు కొద్దిగానే ఉంది. మా వినతిపత్రాలకు వేరుగా జవాబు రాయకపోయినా ఫరవాలేదు, ఇంటికి భోజనం ఇవ్వవచ్చునన్న ఉత్తర్వు మా ఊరి టీచరమ్మ చేతికి రాతపూర్వకంగా అందేటట్లు చూడండి.

ఇట్లు,
ఒక బాలింత తల్లి