గల్లీ, గడప, మోరీ: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు అప్పజెప్పిన పనులు చాలావరకు గల్లీ చుట్టూనే తిరిగాయి. గల్లీ ఎంత ఎత్తులో ఉంది, ఎంత వెడల్పు ఉంది, వాన పడితే నీళ్లు ఎటు పోతున్నాయి, దాని అంచున ఎవరు కూర్చోగలుగుతున్నారు. పైకి ఇవి ఇంజనీర్ల లెక్కల్లాగా కనిపిస్తాయి. కానీ ఇంట్లో పెద్దాయన సాయంత్రం పూట బయటికొచ్చి కూర్చుంటాడా లేదా, ఆడపిల్ల ట్యూషన్ నుంచి ఒక్కతే నడిచి రాగలుగుతుందా లేదా తేల్చేవి ఇవే. అందుకే ఈ నివేదికలో సగం రోడ్డు ఎత్తు గురించే ఉంటుంది.

రోడ్డు పనులు

మన వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట వైపు పాత ఇళ్లు చూసినవాళ్లకు తెలుసు. గల్లీ నుంచి మెట్లెక్కితే అరుగు, అరుగు మీంచి గడప. వాననీళ్లు గోడ పునాదికి తగలకుండా కాపాడేది అరుగే. కూరగాయల గంప దించుకునేది, బీడీలు చుట్టుకునేది, వచ్చిపోయేవాళ్లతో మంచీచెడూ మాట్లాడుకునేది కూడా దానిమీదే. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దానిమీదే ఇంకో పొర, కొన్నేళ్లకు ఇంకో పొర పోస్తూ పోయేసరికి మన గల్లీల్లో చాలా అరుగులు రోడ్డులో కలిసిపోయాయి. మెట్లెక్కి పోవాల్సిన ఇంట్లోకి ఇప్పుడు దిగి పోతున్నాం.

ఆ తర్వాత జరిగేది మనందరం చూస్తున్నదే. నీళ్లు లోపలికొస్తున్నాయని ఇంటాయన గడప ముందు సిమెంటు కట్ట పోయిస్తాడు. బైకు ఎక్కాలి కాబట్టి కట్టకు ర్యాంపు పెడతాడు. ర్యాంపు కింద మోరీ (మురుగు కాలువ) కప్పుకుపోతుంది, పూడిక తీసే మనిషికి పార పెట్టే సందు కూడా ఉండదు. మోరీ నిండి నీళ్లు పక్కింటికి మళ్లుతాయి. పక్కింటాయన ఇంకాస్త ఎత్తుగా కట్ట పోయిస్తాడు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం, ఎవరి ఇల్లు వాళ్లు కాపాడుకుంటున్నారు. నష్టపోయేది మాత్రం గల్లీలో అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు. అది చాలాసార్లు అందరికంటే బీద ఇల్లు. కొత్తవాడ లాంటి నేత వాడల్లో నేలలో గుంత తీసి పెట్టిన మగ్గం (గుంత మగ్గం) ఉన్న ఇంట్లోకి నీళ్లొస్తే మొదట మునిగేది మగ్గమే. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన వరంగల్ దర్రీలు (నేత తివాచీలు) ఇలాంటి గల్లీల్లోంచే వస్తాయని గుర్తు చేస్తున్నాం.

ఈ ఏడాది కొత్త పొరకు కొలతలు తీస్తున్నారని తెలియగానే మన కాలనీలోనే ఉండే ఒక పెద్ద మేస్త్రీని పిలిచాం. ఆయన పారదర్శకంగా ఉండే లెవల్ పైపు నిండా నీళ్లు నింపి, బుడగలు లేకుండా తట్టి, ఒక కొస ఎత్తయిన ఇంటి గడప దగ్గర పట్టించాడు. రెండో కొస పట్టుకుని ఇంటింటి గోడ దగ్గరికీ నడిచాడు. పైపులో నీళ్లు నిలిచినచోట పిల్లలు సుద్దతో గీత గీశారు. గల్లీ చివరికి వచ్చేసరికి గీత గడప కంటే మోకాలెత్తు పైన పడింది. ఆ ఇంటావిడ గీతను చేత్తో కొలిచి చూసుకుని, “అంటే మీ నీళ్లన్నీ నా ఇంటికే వస్తున్నయన్నమాట” అన్నది. అంతవరకు వాదించుకుంటున్న రెండు వైపులవాళ్లూ చప్పుడు చేయలేదు.

ఆ గీతల ఫొటోలు జతచేసి, పాత పొర తవ్వి తీశాకే కొత్తది పోయాలని వినతిపత్రం ఇచ్చాం. ఒక గల్లీలో అలాగే చేశారు. పని జరిగినన్నాళ్లు దుమ్ము, చప్పుడు, బండ్లు దూరంగా పెట్టుకోవాల్సిన తిప్పలు అన్నీ ఓర్చుకున్న ఆ గల్లీ సభ్యులకు సంఘం రుణపడి ఉంది. మిగతా గల్లీల పని ఇంకా కాలేదు.

కోట నడక

యువజన విభాగం ఈసారి పిల్లల్ని ఖిలా వరంగల్ తీసుకుపోయింది. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన కోట అది. లోపల రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఆ బయట మట్టికోట. స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు. తోరణాల దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు గానీ, పిల్లలు ఎక్కువసేపు నిలబడింది దర్వాజ దగ్గర. దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరిగి పోతుంది. శత్రువు ఒక్క ఊపులో దూసుకురాకుండా అలా కట్టారు. ఇప్పుడు అదే మలుపులో ఆటోలు, బైకులు స్పీడ్ బ్రేకర్ లేకుండానే నెమ్మదిస్తున్నాయి. రోడ్డు ఆకారాన్ని బట్టే నడిపేవాడి పద్ధతి ఉంటుందని పిల్లలు అక్కడే పట్టుకున్నారు.

కాకతీయుల చెరువుల సంగతి కూడా అక్కడే మాట్లాడుకున్నాం. పై చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే కట్ట) దుంకి కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి నీళ్లు పోయే గొలుసుకట్టు ఈ నేలది. ఆ దారిలో ఇల్లు లేస్తే నీళ్లకు వేరే దారి ఉండదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నగరంలో కాలనీలకు కాలనీలే నీళ్లలో నిలిచాయి. బొందివాగు, నయీంనగర్ నాలాల పేర్లు అప్పుడు అందరి నోటా విన్నాం. వాన వెలిసినంక మరిచిపోకూడదనే ఈ ఏడాది ఎండాకాలంలోనే మన మోరీలు ఏ నాలాలో కలుస్తున్నాయో నడిచి చూసి పటం గీశాం. పటం సంఘం గదిలో గోడకు ఉంది.

మూలమీది బండ్లు

మూలమీది మిర్చిబజ్జీ, సర్వపిండి, మక్కకంకుల బండ్లు తీయించాలని కొందరు సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు. ట్రాఫిక్ ఇబ్బంది నిజమే. అయితే నడుమ కొన్ని వారాలు బండ్లు లేనప్పుడు ఏమైందో కూడా చూశాం. పొద్దుగూకగానే ఆ మూల చీకటి పడింది, ట్యూషన్ పిల్లలు చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీంచి రావడం మొదలుపెట్టారు. బండి మీది లైటూ, బండి దగ్గర నిలబడ్డ నలుగురూ ఆ మూలకు కాపలా.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తొలగించకూడదు. వీధి వ్యాపారుల సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులుండాలి. కార్యవర్గం బండ్లవాళ్లతో కూర్చుని, మలుపుకు అడ్డం లేకుండా గోడవారకు జరగడానికి, చెత్తడబ్బా ఎవరిది వాళ్లు పెట్టుకోవడానికి ఒప్పించింది. కాగితాలు నింపడంలో సాయం చేశాం. తీయించాలన్న సభ్యులు ఇంకా సమాధానపడలేదు, వాళ్ల మాట కూడా మినిట్స్‌లో రాశాం.

ఖాళీ జాగా

వేపచెట్టు ముందరి జాగాను పార్కింగుకు సీసీ చేయాలన్న ప్రతిపాదనను కార్యవర్గం ఏకగ్రీవంగా తిరస్కరించింది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా మన ఆడబిడ్డలు బతుకమ్మ ఆడేది అక్కడే. పీర్ల గుండం ఉన్నదీ అక్కడే. వేయిస్తంభాల గుడికీ, పద్మాక్షి గుట్టకూ జనం వేలల్లో పోతారు, పోవాలి కూడా. కానీ ముసలమ్మలకూ, పసిపిల్లల తల్లులకూ ఇంటి ముందరి జాగానే దిక్కు. చుట్టూ గుండ్రంగా తిరిగే వెసులుబాటు లేకపోతే బతుకమ్మ ఆట లేదు. పండుగ రోజుల్లో కార్లు తీసి సహకరించినవాళ్లందరికీ కృతజ్ఞతలు.

లెక్కలు, మిగిలిన పనులు

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాపీ నోటీసు బోర్డులో ఉంది.

పెద్దరోడ్డు ఫుట్‌పాత్ విషయంలో ఏమీ సాధించలేకపోయాం. రోడ్లకు ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం నడవడానికి అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మనదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్, మడిగెల (దుకాణాల) బోర్డులు, నిలిపిన బైకులు పోను మిగిలేది ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత. చేతికర్ర పట్టుకున్నవాళ్లు రోడ్డు మీదికే దిగుతున్నారు. బోర్డులు లోపలికి జరుపుకోవాలని మడిగెల యజమానులైన మన సభ్యులను మొదట అడుగుతున్నాం.

బడి పక్క గల్లీని వెడల్పు చేయాలా వద్దా అన్నది ఈసారి సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. అంబులెన్స్ రావాలన్నది ఒక వాదన, వెడల్పు చేసి తిన్నగా చేస్తే బండ్లు బడి ముందర ఎగురుతాయన్నది ఇంకో వాదన. మలుపు ఉంచి, స్తంభాలు మాత్రం పక్కకు జరిపే మూడో పద్ధతిని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కొలతల పటం ముందుగానే సంఘం గదిలో పెడతాం, చూసి రండి.

ఇట్లు,
కార్యదర్శి