కాలు చచ్చుబడిన పిల్లల సంగతి ఎవరికి చెప్పాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

పల్స్ పోలియో ఆదివారం మర్నాడు జిల్లా పేజీలో వచ్చేవి రెండే. చుక్కలు వేస్తున్న నాయకుల ఫొటో, ఇంత శాతం పూర్తయిందనే లెక్క. పోలియో మళ్లీ వచ్చిందా లేదా అని ఏడాదంతా కనిపెట్టి ఉండే పని ఒకటి ఉంది, దాని గురించి మాత్రం ఒక్క ముక్క రాయరు.

పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడి చచ్చుబడితే, పోలియో అనే అనుమానం లేకపోయినా సరే, ప్రభుత్వ డాక్టర్లకు చెప్పి తీరాలి. మొదలైన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనా తీసి ఐసు డబ్బాలో ల్యాబుకు పంపుతారు. దారిలో చల్లదనం పోయిందంటే వైరస్ ఉన్నా దొరక్కపోవచ్చు. 60 రోజుల తర్వాత మళ్లీ వచ్చి కాళ్లలో బలం ఎంత వచ్చిందో చూస్తారు. జీబీఎస్ (నరాలు దెబ్బతినే ఒక జబ్బు) లాంటి వేరే జబ్బులతోనూ ఇలా అవుతుంది కాబట్టి, పోలియో లేకపోయినా లక్ష మంది పిల్లల్లో ఏటా కనీసం రెండు కేసులైనా బయటపడాలని మన దేశంలో లెక్క పెట్టుకున్నారు. అందుకే ఎక్కడైనా ఒక్క కేసూ రాలేదంటే నాకు సంతోషం కాదు, అసలు ఎవరైనా చూస్తున్నారా అని టెన్షన్.

నర్సంపేట వైపు మా చుట్టాల ఊళ్లో ఓ పాప జ్వరం తగ్గాక నిలబడలేకపోయింది. ఆర్‌ఎంపీ బలానికని సూది వేశాడు, టౌన్‌లో ఓ ప్రైవేట్ క్లినిక్‌లో ఇంకేవో వేశారు, మధ్యలో తాయెత్తు కూడా అయింది, ఆశా వర్కర్ చెవిన పడేసరికి ఆ 14 రోజులు కాస్తా దాటిపోయాయి. అయినా నమూనాకు వస్తే పాప నాయనమ్మ ‘దొడ్డికి పోయింది డబ్బాల పడుతరా, గిదేం పరీక్ష బిడ్డా’ అని గొడవ. ఆమెను ఏమనగలం, ఎవరైనా ముందు చెప్పి ఉంటే కదా. అదృష్టం, పాప ఇప్పుడు నడుస్తోంది.

పోలియో ఎప్పుడో పోయింది కదా అంటారు. నిజమే, దేశంలో చివరి సహజ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో హౌరాలో, పోలియో రహితమని ధ్రువీకరణ 2014 మార్చిలో. కానీ 2016లో మన హైదరాబాద్ మురుగునీటిలోనే టీకా చుక్కల్లోని బలహీనపరచిన వైరస్ నుంచి మారిన టైప్ 2 పోలియో వైరస్ దొరికి, దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు మళ్లీ సూదులు వేయాల్సి వచ్చింది. 2024లో మేఘాలయలో ఓ చిన్న పిల్లాడికి టీకా నుంచి వచ్చిన పోలియోనే తేలింది. వైరస్ సోకిన రెండు వందల మందిలో సుమారు ఒక్కరికే కాళ్లు పడిపోతాయట, ఆ ఒక్కరినీ వదిలేస్తే మిగతావాళ్ల సంగతి తెలిసేదెట్లా?

ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది వాళ్లే. ఇలాంటి పిల్లలు కనిపిస్తే సూది వేయకుండా వెంటనే ఎవరికి ఫోన్ చేయాలో మండలం మీటింగు పెట్టి వాళ్లకు చెప్పండని వైద్యశాఖను కోరుతున్నా. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలకు ఒడియాలో చెప్పేవాళ్లు కావాలి. మీరు కూడా ఫొటో కింద కాస్త జాగా చూసుకుని, పీహెచ్‌సీల ఫోన్ నంబర్లు నెలకోసారైనా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ