బ్రిస్బేన్ నదిలో సొరల సంగతి

బాపూ,

"మీ ఇంటి దగ్గర నదిలో సొరలు తిరుగుతయట, నిజమేనా బిడ్డా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. రామప్ప చెరువులో ఇన్నేళ్లు వల వేసినవాడివి, నీకు సగం సగం చెబితే ఆనదు. అందుకే రాస్తున్నాను.

నిజమే, ఇక్కడ ఆస్ట్రేలియాలో మా బ్రిస్బేన్ నదిలో ఉన్నాయి. బుల్ షార్క్ అంటారు. చాలా సొరలు మంచినీళ్లలో బతకలేవు. దీని ఒళ్లు మాత్రం నదిలోకి రాగానే సర్దుకుంటుంది. లోపలికి చేరే నీళ్లను మూత్రపిండాలు పలుచని మూత్రంగా తోసేస్తాయి, ఉప్పును పోనివ్వవు. నది సముద్రంలో కలిసే చోట తల్లి సొర పిల్లలను కంటుంది. అవి ఎదురీది పైకి వచ్చి కొన్నేళ్లు నదిలోనే పెరుగుతాయి, ఎందుకంటే వాటిని తినే పెద్ద సొరలు ఇక్కడ తక్కువ. మా నదిలో తిరిగేవి ఎక్కువగా ఆ పిల్లలే. ఇక్కడికి దగ్గర్లోనే కార్‌బ్రూక్ అనే చోట, 1990లలో అక్కడి నది పొంగినప్పుడు కొన్ని ఒక గోల్ఫ్ మైదానం చెరువులోకి కొట్టుకొచ్చి, 15 ఏళ్లకు పైగా అక్కడే బతికాయి.

నీకు బాగా నచ్చే ముచ్చట నికరాగువా దేశంలోది. అక్కడి పెద్ద సరస్సులో ఉన్న సొర వేరే జాతి అని ఒకప్పుడు అనుకునేవారు. 1960లలో థోర్సన్ అనే శాస్త్రవేత్త వాటికి గుర్తులు కట్టి వదిలితే, సరస్సులో వదిలినవి సముద్రంలో దొరికాయి, సముద్రం వైపు వదిలినవి సరస్సులో దొరికాయి. మధ్యలో సాన్ హువాన్ నది రాళ్ల మీద దుంకుతూ పారుతుంది. కొత్త నీళ్లొస్తే మన మత్తడి దగ్గర చేపలు ఎదురెక్కినట్టే, ఇవీ ఆ నదిని ఎదురెక్కుతాయి.

ఇక వేట. బురద నీళ్లే దీనికి అనుకూలం. అక్కడ కళ్లతో పెద్దగా పని లేదు, వాసన పడుతుంది. ముక్కు చుట్టూ సన్నని రంధ్రాలుంటాయి, ప్రాణి కండరాలు కదిలితే పుట్టే కాస్తంత విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది. చాలాసార్లు ముందు ముక్కుతో ఒక గుద్దు గుద్ది, తర్వాత కరుస్తుంది. చేపలు, స్టింగ్‌రే అనే చదునైన చేపలు, తాబేళ్లు, చిన్న సొరలు, ఏది దొరికితే అది తింటుంది. పొద్దుగాల, పొద్దుగూకే వేళ ఎక్కువ చురుగ్గా ఉంటుంది.

దీన్ని పగబట్టే జంతువులా చూపించడం నాకు నచ్చదు బాపూ. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువ కాబట్టే దీనికి కోపం అనే మాట కూడా తిరుగుతోంది. ఏవో కొన్నింటి రక్తం చూసి అల్లిన మాట అది, ఆ హార్మోన్ కాలాన్ని బట్టి మారుతుంది. అయితే మనుషుల మీద దాడుల లెక్కలో గ్రేట్ వైట్, టైగర్ సొరల తర్వాత దీనిదే స్థానం, అది కాదనలేం. అసలు కారణం చోటు అని నా నమ్మకం. మనం ఈత కొట్టే లోతులేని నీళ్లే, నది మొగలే దానికీ కావాలి. కంటికి ఏమీ కనపడని చోట ఎదురైనదాన్ని కరిచి చూస్తుంది. దవడ బలం చాలా ఎక్కువ కాబట్టి, ఆ ఒక్క కాటుకే మనిషి ప్రాణం పోవచ్చు.

ఏటూరునాగారం దాకా వస్తాయా అని కూడా అడిగావు. గోదావరిలో పైకి రావాలంటే ముందు ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం ఉంది. మీరు నిశ్చింతగా ఉండండి.

మేము వానల తర్వాత నీళ్లు ఎర్రబడితే ఒడ్డు దిగం. చీకటి పడుతుంటే అసలే దిగం. చేపలు శుభ్రం చేసి పేగులు పారేసే చోట పిల్లలను ఆడనివ్వం. వాళ్లకు ఈత స్విమ్మింగ్ పూల్‌లోనే నేర్పిస్తున్నాం. ఇదంతా అమ్మకు చదివి వినిపించు, ఆమె టెన్షన్ తగ్గుతుంది. సంఘానికి ఈ ఏడు చేపపిల్లలు వచ్చాయో లేదో రాయి.

నీ బిడ్డ