పెట్టె మీద పిల్లిపిల్ల బొమ్మ, లోపల కుక్కపిల్లల డోసు

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: మీ నట్టల మందు సిరప్ లేబుల్, డ్రాపర్ గురించి ఫిర్యాదు.

అయ్యా,

మా మేడ మీద పాత అట్టపెట్టెలో ఒక వీధిపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఆరు వారాలు వచ్చేసరికి వాటి పొట్టలు ఉబ్బాయి. ఒకటైతే సేమ్యాలాంటి తెల్లటి పురుగును కక్కింది. ఏలికపాములు తల్లి పాలలోనే పిల్లలకు వచ్చేస్తాయి కాబట్టి ఆలస్యం చేయకూడదని మెడికల్ షాపులో మీ 10 మి.లీ. సీసా కొన్నాను. పెట్టె మీద కుక్కపిల్ల పక్కన పిల్లిపిల్ల బొమ్మ ఉంది. అది చూసే నమ్మాను.

లోపలి కాగితంలో డోసు పట్టిక మొత్తం కుక్కపిల్లలదే, అదీ 1 కిలో నుంచి మొదలు. కిరాణా కొట్టు కాటా మీద తూయిస్తే మా పిల్లల్లో పెద్దది 620 గ్రాములు, చిన్నది 430. కిలోకు 1 మి.లీ. లెక్కన చిన్నదానికి అర మి.లీ. కూడా పట్టదు. మీ డ్రాపర్ మీద ఉన్నది 1 మి.లీ. గీత ఒక్కటే. చేయి వణుకుతుంటే కంటి అంచనాతో పట్టాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మీ సిరప్‌లో పురుగుల మీద పనిచేసే పిరాంటెల్ అనే మందు నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది. సీసా బాగా కుదపాలన్న మాట బ్యాచ్ స్టిక్కర్ కింద సగం దాగిపోయింది. నేను చూడలేదు. మొదటి రెండింటికీ పైన తేరిన నీళ్లే వెళ్లాయి. ఆఖర్న చిన్నదానికి డ్రాపర్ అడుగు దాకా ముంచితే చిక్కటి తెల్ల మడ్డి వచ్చింది. పావుగంటలో నురగ కార్చి, రెండుసార్లు వాంతి చేసుకుని, నిలబడబోయి పక్కకు ఒరిగిపోయింది. దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆటోలో పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తాను. చర్మం కింద సెలైన్ ఎక్కించి సాయంత్రం దాకా ఉంచుకున్నారు. బతికింది. మిగతా రెండింటి మలంలో వారం తర్వాత కూడా పురుగులు కనిపించాయి. డాక్టరు గారు మూడింటినీ మళ్లీ తూచి, గీతలున్న సన్నటి సిరంజితో మందు పట్టి, రెండు వారాలకోసారి తీసుకురమ్మన్నారు. తల్లికి కూడా వేయించమన్నారు.

నాకు సీసా డబ్బులు వద్దు. పిల్లిపిల్లలకు గ్రాముల్లో వేరే పట్టిక, ఏ వయసు నుంచి వేయవచ్చో స్పష్టంగా, 0.1 మి.లీ. గీతలున్న సిరంజి ఇవ్వండి. 'బాగా కుదిపి వాడండి' అని తెలుగులో పెద్దక్షరాలతో సీసా మీదే వేయండి. అప్పటిదాకా పెట్టె మీద ఆ పిల్లి బొమ్మ తీసేయండి.

సీసా, స్టిక్కర్, డ్రాపర్ ఫొటోలు, బిల్లు జత చేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు